ఒక్క కమాను తక్కువైనచో



దేవుని పూర్ణహృదయముతో ప్రేమింపవలెనను ఆజ్ఞ మనలో ఎరుగనివారు లేరు. పలకపై అక్షరములు దిద్దునాడే దానిని కంఠస్థము చేసితిమి. హృదయము, ఆత్మ, వివేకము, బలము అను నాలుగింటిలో దేనిని గాని తనకై మిగుల్చుకొనరాదని దాని తాత్పర్యము. అయినను ఈ శీర్షిక చదివి ఉత్తరములు వ్రాయు సోదరీమణులలో పలువురు ఒకే సందేహమును వెలిబుచ్చుచున్నారు. తెల్లవారకమున్నే లేచి వాకిలి చిమ్మి, పొయ్యి ముట్టించి, పిల్లలను బడికి సాగనంపి, అత్తమామలకు వేళకు పెట్టి, రాత్రి వంటిల్లు కడుగుకొనునప్పటికి కన్నులు మూతలు పడును. ప్రార్థనకు పట్టుమని పది నిమిషములు చిక్కవు. ఇట్టి మాకు పూర్ణభక్తి యెక్కడిది, అది సేవకే జీవితము నంకితము చేసినవారికి గాక సంసారిణికి సాధ్యమా, అని వారి ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. కాని దానిలో ఒక పొరపాటు దాగియున్నది. పూర్ణమనగా ఎక్కువ అని మనము తలచుచున్నాము. పూర్ణమనగా ఎక్కువ కాదు, విడదీయనిది. మన వంటింటిలోనే ఈ మాటకు అర్థము దొరకును. బూరెలు వండునప్పుడు లోపల నుంచు శనగపప్పు బెల్లపు ముద్దను పూర్ణమందుము. పైతోపు ఎంత గుండ్రముగా వేగినను, లోపల పూర్ణము కొరవడినదో లేదో కొరికినవారికే తెలియును. భక్తియు అట్టిదే. పైకి గుండ్రముగా నుండుట వేరు, లోపల నిండియుండుట వేరు.

ఈ భేదమును గ్రంథము ఇద్దరు స్త్రీల ద్వారా మనకు చూపుచున్నది. ఒకతె దేవాలయపు కానుకపెట్టెలో రెండు చిన్న కాసులు వేసిన బీద విధవరాలు. రెండవది అననీయ భార్య సప్పీరా. ఆమె భర్తతో గూడి పొలమమ్మగా, ఆమె యెరుకతోనే భర్త ఆ వెలలో కొంత తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టెను. లెక్క చూచినచో సప్పీరా యిచ్చినదే బహుళము. విధవరాలి కాసులతో ఒక పూట కూడు కూడ గడువదు. అయినను ప్రభువు మెచ్చినది ఆ కాసులనే. సప్పీరా తప్పు కొంత దాచుకొనుటయందు లేదని గమనింపుడు. పొలము వారిదే, వెలయు వారిదేయని పేతురు స్పష్టముగా చెప్పెను. కొంత దాచి సమస్తమును ఇచ్చితినని పలుకుటయందే ఆమె తప్పున్నది. కావున పూర్ణభక్తికి మనమిచ్చు గంటల లెక్క కొలత కాదు. మనము తాళము వేసియుంచిన గది ఏది అను ప్రశ్నయే దానికి కొలత.

ఈ సంగతిని మన కోనసీమవారికి తెలుపుటకు పి. గన్నవరము అక్విడక్టుకంటె మంచి దృష్టాంతము లేదు. సర్ ఆర్థర్ కాటను ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట నారంభించి 1852లో ముగించెను. గోదావరి నీరు కాలువల వెంట పారినది. కాని వైనతేయపాయ కావల నున్న నగరముసీమకు, అనగా నేటి రాజోలు ప్రాంతమునకు, ఆ నీరెట్లు చేరును? నడుమ నది అడ్డము. అందుచేత నది మీదుగా కాలువను దాటించుటకు ఆ రోజులలోనే ఫెలిక్సు థాకరే హెయిగ్ అను యువ ఇంజనీరు 49 కమానులు కట్టించెను. ఒక్కొక్క కమాను వెడల్పు 40 అడుగులు. క్రింద నది సముద్రమునకు పోవుచుండగా పైన కాలువ పొలములకు పోయినది. నూరేండ్లకు పైగా ఆ సీమ ప్రజలు తినిన అన్నమునకు ఆ కమానులే ఆధారము.

ఇప్పుడొక్కమారు ఆలోచింపుడు. ఆ 49 కమానులలో 48 మిక్కిలి దిట్టముగా కట్టి, ఒక్కదానిని మాత్రము ఖర్చు హెచ్చనియో, పునాది కష్టమనియో విడిచియుండినచో ఏమగును? నూటికి తొంబదియెనిమిది వంతులు పని జరిగినది గదా యని నీరు నూటికి తొంబదియెనిమిది వంతులు ఆవలకు చేరునా? ఒక్క చుక్కయైనను చేరదు. ఆ ఖాళీయొద్ద నీరంతయు నదిపాలగును. పూర్ణహృదయమని దేవుడు మననుండి కోరుటలోని మర్మమిదియే. మన ఆచారములను నిండించుకొనుటకు ఆయనకు మన పూర్ణత అక్కరలేదు. మన ద్వారా ఆవలి యొడ్డున నున్నవారికి చేరవలసిన నీటికొరకు అది కావలసియున్నది.

హెయిగ్ దొర కట్టడముతో సరిపుచ్చలేదు. 1860లలో భద్రాచలము చెంతనున్న దుమ్ముగూడెమున గోదావరి పనులు చేయించుచుండగా అచ్చటి కోయవారికి సువార్త చెప్పువారు లేకుండుట చూచి, అచ్చట మిషను స్థాపించుటకు తానే పూనుకొనెను. ఆయన ఉద్యోగము ఉద్యోగమే, భక్తి భక్తియే యని వేరుచేయలేదు. కొలతబద్ద పట్టినచేయియే ప్రార్థనకును మోడ్చెను. మన గరిటె పట్టు చేయియు అట్టిదే కాగలదు.

ఇక మనము కట్టక విడిచిన కమాను ఏది? ఒక్కొక్కరికి ఒక్కొక్కటి యుండును. కాని మన సీమలో అనేక గృహములకు సామాన్యమైనదానిని గూర్చి దాచక చెప్పెదను. అది గ్లాసు.

ఆదివారమున సంఘములో ఒకే రొట్టె విరచి, ఒకే గిన్నెలోనిది త్రాగుదుము. మనమందరము ఒకే శరీరమని పాడుదుము. సోమవారమున కొబ్బరికాయలు ఒలుచుటకు వచ్చిన కూలివానికి మంచినీళ్లు వసారా చూరులో బోర్లించిన వేరు గ్లాసుతో ఇత్తుము. దొడ్డి శుభ్రపరచు ఆమెకు టీ పైనుండి పోయుదుము. ఇది పై కులములనుండి వచ్చినవారి దోషమే యని ఎవరును తప్పించుకొనలేరు. క్రిందికి చూచుటకు ప్రతి పేటకును మరియొక పేట దొరకుచున్నది. ఈ పేటవారు ఆ పేటవారితో కలిసి రొట్టె విరచుదురు గాని పెండ్లిమాట వచ్చినచో పెదవి విరచుదురు. సంబంధము చూచునప్పుడు మొదటి ప్రశ్న పిల్లవాని విశ్వాసమును గూర్చియా, కులమును గూర్చియా, కట్నమును గూర్చియా? నిజము చెప్పుటకు మనకు పెద్దల సాక్ష్యమక్కరలేదు. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమని 1961లోనే చట్టము వచ్చినది. సువార్త అంతకుముందే మన యిండ్లకు వచ్చియున్నది. రెండును వాకిట నిలిచియే యున్నవి.

మన గోదావరి లంకలకు సువార్త నెవరు తెచ్చిరో జ్ఞాపకము చేసికొనుడు. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్సు వెంట ఇంగ్లాండునందలి బార్న్‌స్టేపిల్ పట్టణమునుండి ఇద్దరు యువకులు భార్యలతో వచ్చిరి. విలియము బౌడెను, జార్జి బీరు వారి పేర్లు. నరసాపురము కేంద్రముగా గోదావరి డెల్టా మిషనుకు వారు పునాది వేసిరి. వారు పండితులు కారు, ధనవంతులు కారు. ఒకరు రాళ్లు చెక్కు తాపీపనివారు, మరియొకరు చెప్పులు కుట్టువారు. ఆ చెప్పులు కుట్టు చేతులు మనకు వేదగ్రంథము నందించినవి. ఆయన మన ఊరి శివారుపేటలో పుట్టియుండినచో, ఆయన వృత్తి అదియేయై యుండినచో, మన ఇంటి లోపలి గ్లాసు ఆయన కిచ్చియుందుమా? ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగిన గృహమున ఆ కమాను కట్టబడియున్నదని యెరుగుడు.

గ్లాసు అల్పవిషయమని కొందరనవచ్చును. అల్పమైనది పెరిగి ఎంతవరకు పోవునో మనము కన్నులార చూచితిమి. జిల్లా పేరుకు అంబేద్కరు గారి పేరు చేర్చుటను గూర్చిన అలజడిలో 2022 మే 24న అమలాపురములో ఇండ్లు తగులబడినవి. ఆ నిప్పు ఆనాడే పుట్టలేదు. ఎన్నో వంటిండ్లలో ఎన్నో యేండ్లుగా మాటలతోను, చూపులతోను, వేరు గ్లాసులతోను నివురుగప్పి యుండినదే ఆనాడు పైకి లేచినది. ఊరిలోని నిప్పు నార్పుట పెద్దల పని యనుకొందము. వంటింటిలోని నిప్పు నార్పుట మాత్రము మన పనియే.

ప్రభువు తన వారిని సిగ్గుపరచవలసినప్పుడు వెలుపలివారిని చూపెడివాడు. దోపిడి దెబ్బలు తిని దారిలో పడియున్నవానిని యాజకుడును లేవీయుడును దాటిపోగా, ఆదుకొన్నవాడు సమరయుడని చెప్పెను. మనకును అట్టి సాక్షి యొకతె మన సీమలోనే యున్నది. లంకల గన్నవరము వాస్తవ్యురాలు డొక్కా సీతమ్మ గారు 1841లో జన్మించి 1909లో పరమపదించిరి. నిష్ఠగల బ్రాహ్మణగృహిణి. లంకల దారిలో రేవులు దాటి అలసివచ్చిన వారికి, ఏ వేళ వచ్చినను, ఏ కులమువారైనను, లేదనక అన్నము పెట్టిరి. వరదలకు ఆకలిగొన్నవారికి వండి పంపిరి. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవము ఢిల్లీలో 1903లో జరిగినప్పుడు ఆమెకు ఆహ్వానము వచ్చినను వెళ్లలేదని మన ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. ఇల్లు విడిచి పోయినచో ఆ పూట ఆకలితో వచ్చినవారికి ఎవరు పెట్టుదురని ఆమె చింత యట.

ఆ తల్లి మన సంఘములో చేరినది కాదు. అయినను ఆకలిగొనిన వాని ముఖమునందు నన్ను చూడుమని ప్రభువు చెప్పిన మాటను, ఆ మాట యెరిగిన మనలో ఎందరికంటెనో నిండుగా నడిపించినది. ఆమె దినమునందు సైతము ఇరువదినాలుగు గంటలే యుండెను. ఆమె పొయ్యియు పొగయే చిమ్మెను. కాని ఆమె తన అన్నములో ఈ ముద్ద వీరికి, ఆ ముద్ద వారికి కాదని గీత గీయలేదు. గన్నవరమున ప్రాత అక్విడక్టు ప్రక్కనే 2000లో సిద్ధమైన క్రొత్తదానికి ఆమె పేరు పెట్టుట ఎంతయు తగియున్నది. ఈ రాష్ట్రపు బడులలో పిల్లలకు పెట్టు మధ్యాహ్న భోజనమునకు 2024లో ఆమె పేరే పెట్టిరి. మా వారు పనిచేయు బడిలో ఆ పేటపిల్లలును ఈ వీధిపిల్లలును ఒకే వరుసలో కూర్చుండి, ఒకే గిన్నెలోని పప్పు వడ్డింపగా తినుచుందురు. ఆ పిల్లలు సాయంకాలమున ఇంటికి వచ్చి చూరులోని వేరు గ్లాసును చూచినప్పుడు వారు నేర్చుకొను పాఠమేది? బడి యొకటి చెప్పి ఇల్లు మరియొకటి చెప్పినచో పిల్లవాడు ఇంటినే నమ్మును.

అత్తగారు నొచ్చుకొందురు, ఆడపడుచులు ఆక్షేపింతురు, ఏమి చేయుదుమని అడుగువారుందురు. పోరాడవలదు. ఉపన్యాసములును వలదు. ఆ వేరు గ్లాసును మెల్లగా లోపలికి తెచ్చి మిగిలినవానితో తోమి వరుసలో పెట్టుడు. మరునాడు ఏది చేతికి వచ్చిన దానితోనే అందరికి నీళ్లిండు. అడిగినచో మృదువుగా, ఆదివారపు గిన్నె ఒక్కటే గదా అత్తయ్యగారూ, సోమవారము దానిని ఎట్లు రెండుచేయుదుము, అని మాత్రమనుడు. మూడు కుంచముల పిండిలో స్త్రీ దాచిన పులిపిండి శబ్దము చేయలేదు, పిండియంతయు పొంగినది.

దానితోపాటు ఇంకొక చిన్నపని. అన్నమునకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు వేరు కుండలో వేయుడు. నెలాఖరున అది సంఘములో ఇచ్చునది కావచ్చును, వీధిచివరి ముసలమ్మ కిచ్చునది కావచ్చును. పిడికెడు వేయునప్పుడు ఆ యింటివారి పేరు తలచి ఒక్కమాట ప్రార్థింపుడు. ప్రార్థనకు సమయము చిక్కలేదనువారికి దినమునకు రెండుమారులు పొయ్యియొద్దనే చిక్కును. ఇక పిల్లకు సంబంధము చూచు దినము వచ్చినప్పుడు, మొదటి ప్రశ్నగా ఏది వేయవలెనో దేవుని సన్నిధిని ముందే నిశ్చయించుకొనుడు. అది కష్టమైన కమాను. పునాది లోతుగా త్రవ్వవలసియుండును. బంధువులు విడిచిపోవచ్చును. దాని వెల తేలికయని నేను చెప్పను. కాని ఆ యొక్కటి కట్టనిచో మిగిలిన నలువదియెనిమిదింటి శ్రమయు నదిపాలే.

సంసారిణికి పూర్ణభక్తి సాధ్యమా అని అడిగిన సోదరీమణులకు నా ప్రత్యుత్తరమిది: అమ్మా, మీ దినమునందలి గంటలన్నియు మీ యింటివారివే కానిండు. వానిలో ఏ ఒక్కటియు దేవుని కెదురు తలుపు మూసినది కాకుండిన చాలును. విధవరాలి కాసులు రెండే. ఆమె చేతిలో మూడవది మిగులలేదు.

వచ్చు మాసము, రోగుల నాదరించుట యనెడి సేవను ఇంటిపట్టుననే యుండి ఎట్లు చేయవచ్చునో విచారింతము. అంతవరకు దేవుని సమాధానము మీ గృహములను కాచుగాక.