సంతకానికి ముందు

ప్రభుత్వ ఉర్దూ పాఠశాలలో ఉపాధ్యాయుడు లేడని, మరుగుదొడ్డికి నీరు లేదని మన బస్తీలలో తరచూ వింటున్నాము. నోటిమాటగా ఉన్నంతకాలం ఆ ఫిర్యాదుకు ఏ కార్యాలయంలోనూ ఫైలు పుట్టదు. గుమాస్తాగా పనిచేసిన మాకిది బాగా తెలుసు.

ఆ ఫైలును పుట్టించే అధికారాన్ని 2009 విద్యాహక్కు చట్టం తల్లిదండ్రులకే ఇచ్చింది. 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. గ్రాంట్ల ఖర్చును పరిశీలించేది, పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేసేది వారే. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారమని 22వ సెక్షన్ చెబుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో ఈ కమిటీలకు ఎన్నికలు కూడా జరిగాయి.

సమగ్ర శిక్ష కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి నిర్ణయించిన వార్షిక గ్రాంటు 50,000 రూపాయలు. కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. పెద్ద మొత్తమేమీ కాదు. అందుకే ప్రతి రూపాయికీ లెక్క అడగాలి.

జరుగుతున్నదేమిటి? ఉర్దూ మాత్రమే చదవగల తల్లి ముందు తెలుగులో రాసిన రిజిస్టరు పెడతారు. చూపిన చోట సంతకం చేసి ఆమె ఇంటికి వెళుతుంది. తప్పు ఆమెది కాదు. తీర్మానాన్ని ఉర్దూలో చదివి వినిపించమని సభ్యులందరూ కలిసి పట్టుబట్టాలి. ఖాళీ పోస్టు సంగతిని అందులో రాయించి, ప్రతిని మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. పిల్లలు తగ్గారంటూ బడిని మరో బడిలో కలిపే ప్రతిపాదన వస్తే, ఉపాధ్యాయుణ్ణి మనం ఏ తేదీన అడిగామో ఆ రసీదు చూపుతుంది.