నదిలో పారవేసిన సొనాటా

మొన్నొక సాయంత్రం గుడివాడ బజారులో ఒక కారు వెనక్కి నడుస్తూ బేతోవెన్ "ఫ్యూర్ ఎలీజె" వినిపించింది. ఆ చిన్న రచన ఆయన జీవించి ఉండగా అచ్చయినది కాదు. 1827లో ఆయన కన్నుమూస్తే, అది వెలుగు చూసింది 1867లో. ఇప్పుడేమో దారినపోయేవారిని తప్పుకొమ్మనే హెచ్చరిక! ప్రసిద్ధి ఎవరిని ఎలా వరిస్తుందో ఎవరు చెప్పగలరు?

"నిజంగా గొప్పదైతే అదే నిలుస్తుంది" అని సంగీతప్రియులు కొందరు ధీమాగా అంటూ ఉంటారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది.

చెక్ స్వరకర్త లెయోష్ యానాచెక్ సంగతే చూడండి. 1905 అక్టోబరు 1న బ్రనో నగరంలో చెక్ విశ్వవిద్యాలయం కోసం జరిగిన ప్రదర్శనలో ఫ్రాంటిషెక్ పావ్లిక్ అనే యువ కార్మికుడు సైనికుని బాయొనెట్ పోటుకు బలయ్యాడు. ఆ వేదనతో యానాచెక్ ఆ తేదీనే పేరుగా పెట్టి ఒక పియానో సొనాటా రచించాడు. 1906 జనవరిలో తొలి ప్రదర్శనకు ముందు మూడవ భాగాన్ని తానే మంటల్లో వేశాడు. అటుపిమ్మట ప్రాగ్‌లో మిగిలిన రెండు భాగాలనూ వల్తవా నదిలో పారవేశాడు. అయినా అవి మనకు దక్కాయి. ఎందుకంటే తొలిసారి వాయించిన లుద్మిలా తుచ్‌కోవా తనకోసం నకలు రాసి ఉంచుకొన్నది. ఆ సంగతి ఆమె బయటపెట్టగా 1924లో అచ్చయింది.

గొప్పదనం దానంతటది నిలవలేదు. ఒక స్త్రీ నిలిపింది.

ఇది మనకు కొత్త కథ కాదు. గుడివాడకు అంత దూరమేమీ కాని మొవ్వ గోపాలుని పేర క్షేత్రయ్య నాలుగువేలకు పైగా పదాలు చెప్పాడని ప్రతీతి. దొరికినవి వందలలోనే. వాటి పాటలో ఆ విలంబపు నడక ఈనాటికీ వినగలుగుతున్నామంటే, మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంటి స్త్రీలు, ఆమె మనుమరాళ్ళు బృంద, ముక్తల వరకూ, కంఠస్థం చేసి కాపాడినందువల్ల. మొవ్వలో పుట్టిన పాటకు కాపు అరవనాట దొరికింది! మనవాళ్ళం ఏం చేస్తున్నామో ఆ కాలంలో?

సొనాటా విషయానికి వస్తాను. నాటకాల హార్మోనియంతో పెరిగిన చెవి నాది. తిత్తి ఊదినంతసేపూ హార్మోనియం స్వరం నిలుస్తుంది. పియానో స్వరం అలా కాదు, మీట నొక్కిన క్షణం నుంచే క్షీణిస్తూ ఉంటుంది. "మరణం" అనే రెండవ భాగంలో ఒక చిన్న పలుకు ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ వస్తుంది. ప్రతిసారీ ఆరిపోతూనే వస్తుంది. ఒకచోట ఉప్పొంగి, తిరిగి అదే తడబాటులోకి జారుకొంటుంది. హార్మోనియం మీద ఇది సాధ్యమయ్యే పని కాదని నాకు తోస్తుంది.

రెండు భాగాలూ కలిపి పావుగంట పట్టవు. చిన్ననాడే యానాచెక్ వద్ద శిష్యరికం చేసిన రుడోల్ఫ్ ఫిర్కుష్నీ వాయించిన రికార్డింగు ఉంది. వినదలచినవారు దానితో మొదలుపెట్టవచ్చు.