పంచారామాలకు సైకిలు దారి కావాలి

కార్తీక మాసంలో ఆదివారం రాత్రి బస్సెక్కి, సోమవారం రాత్రికల్లా అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట చూసేసి ఇల్లు చేరడం మన జిల్లాల్లో ఆనవాయితీ. ఓపిక లేని పెద్దవాళ్లకు ఆ ఆర్టీసీ స్పెషల్ నిజంగా వరం. మా అత్తగారు ఏటా అందులోనే వెళ్తారు. కానీ కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లం కూడా ఐదు క్యూలైన్లు, మధ్యలో నాలుగు కునుకులతో యాత్ర ముగించేస్తే, ఆ గుళ్ల మధ్య ఉన్న నేలను చూసేదెప్పుడు? సెలవు పెట్టుకుని సైకిళ్ల మీద వెళ్లొచ్చాక చెబుతున్నాను: ఈ యాత్రకు సైకిలును మించిన వాహనం లేదు. దానికో దారి చూపించడం ప్రభుత్వానికి పెద్ద పనేమీ కాదు.

నేను తణుకులో హైస్కూలు టీచర్ని. మా ఆయన, నేను సైకిళ్లను రైల్లో వేయించుకుని సామర్లకోటలో దిగాం. కార్తీకంలో వీచేది ఈశాన్యం గాలి. అమరావతిలో మొదలుపెడితే దారంతా ఎదురుగాలే. సామర్లకోటలో మొదలుపెడితే అదే గాలి వెనక నుంచి నెడుతుంది. మొత్తం దారి 280 కిలోమీటర్లకు అటూఇటూ. రోజుకు 60 చొప్పున తొక్కినా ఐదు రోజుల పని. చాలామటుకు డెల్టా నేల, ఎత్తుపల్లాల్లేవు. గేర్లు లేని సైకిలైనా చాలు.

సామర్లకోట, ద్రాక్షారామం ఆలయాలు రెండూ చాళుక్య భీముడి పేరుతో ముడిపడ్డవి. రెండు చోట్లా శివలింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు లేచి ఉంటుంది. ఒక గుడి మెట్లెక్కి దిగి, ఆ చెమట ఆరకముందే పొలాల మధ్య నుంచి రెండో గుడికి చేరి మళ్లీ మెట్లెక్కితే, అవి జంట గుళ్లని ఎవరూ చెప్పక్కర్లేదు.

ద్రాక్షారామం దాటాక పెద్ద బళ్లు వంతెన వెతుక్కుంటూ చుట్టూ తిరిగి పోవాలి. మేం తిన్నగా కోటిపల్లి రేవుకెళ్లి పంటు ఎక్కాం. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచిన పంటు అది. మోటార్ సైకిళ్లు, పాల క్యాన్లు, నల్లబట్టల అయ్యప్ప స్వాములు. "సైకిళ్లు ఆ కొసకి జరపండమ్మా, ఇంకా బళ్లెక్కాలి" అన్నాడు పంటు నడిపే అబ్బాయి. పక్కన కూర్చున్న పెద్దావిడ "మొక్కేనా అమ్మా?" అని అడిగింది. మొక్కేం లేదండీ, చూద్దామని బయల్దేరామన్నాను. గంపలోంచి రెండు చక్రకేళీలు తీసి చేతిలో పెట్టి, "తొక్కాలి కదా, తినండి" అంది. అవతలి ఒడ్డు ముక్తేశ్వరం. గౌతమిని అంత దగ్గరగా, నీళ్ల మీద నుంచి చూడడమే మా కార్తీక స్నానమంత పుణ్యం అనుకున్నాం.

ఇక ఇబ్బందులు. రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వచ్చే దారిలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటుంది. చీకటిపడితే ఆ రాళ్లు కనబడవు. రైతును తప్పుపట్టలేం. తేమ 17 శాతానికి దిగకపోతే ధాన్యం కొనరు, ఆరబెట్టడానికి కళ్లాల్లేవు. భీమవరం దాటాక ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్లకు రోడ్డు జారుతుంది. నా ముందు చక్రం ఓసారి అలాగే జారింది. ఒక గుడి దగ్గర సైకిలు పెట్టే చోటే లేదు. సామాన్లు కట్టిన సైకిళ్లను బయట వదలలేక ఒకరి తర్వాత ఒకరం దర్శనం చేసుకున్నాం.

సైకిలు మీద వెళ్తే అది యాత్రా, విహారమా అని మా స్టాఫ్ రూములో అడిగారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో గుళ్లతో పాటు దారులు, ఏళ్లు, సత్రాలు, ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో కూడా రాశారు. దేవుణ్నీ దేశాన్నీ కలిపి చూడడమే మన పెద్దల తీర్థయాత్ర.

స్పెయిన్‌లో సాంతియాగో యాత్రికులకు ఒక పుస్తకం ఇస్తారు, దారి పొడవునా అందులో ముద్రలు వేయించుకోవాలి. నడిచేవాళ్లు కనీసం 100 కిలోమీటర్లు, సైకిలు మీద వచ్చేవాళ్లు 200 పూర్తిచేస్తే ధ్రువపత్రం ఇస్తారు. ఆ దారికి పసుపు బాణాల గుర్తులు వేయడం 1980లలో మొదలుపెట్టింది ఎలియాస్ వాలిన్యా అనే పల్లెటూరి చర్చి ఫాదర్. ఆయనకు కావాల్సి వచ్చింది రంగు డబ్బా, కుంచె, పట్టుదల.

మనకూ అంతే కావాలి. హైవే తప్పించి కాలవ గట్ల మీదుగా వెళ్లే దారిని గుర్తించి బాణాలు వేయండి. ఐదు ఆలయాల్లోనూ సైకిళ్లకు నీడ, సత్రంలో రెండు మంచాలు కేటాయించండి. ప్రతి గుడిలో ఒక ముద్ర పెట్టండి. గట్ల పక్కన ఊరికో కళ్లం కడితే రైతుకూ మేలు, రోడ్డుకూ మేలు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకు, రోడ్లకు ఎలాగూ ఖర్చు చేస్తారు, ఆ అంచనాల్లో ఈ పనినీ చేర్చండి. ముందుగా సామర్లకోట నుంచి కోటిపల్లి రేవు దాకా చేసి చూపించండి. మిగతా దారిని ఆయా ఊళ్లవాళ్లే వచ్చి అడుగుతారు.