గృహహింస – గ్రామధర్మము

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములే మిరపకోతలకై గుంటూరు సీమకు వలసపోవుట మనమెఱిగినదే. పంట పోయెననియు, అప్పులు పెరిగెననియు, త్రాగిన మత్తనియు భార్యను కొట్టినవారు సాకులు చెప్పుదురు. ఎంత మత్తులోనున్నను అట్టివాడు మేస్త్రీని కొట్టడు, ఆలినే కొట్టును. అడ్డుపడువా రెవ్వరును లేరని వానికి తెలియును. ఇరుగుపొరుగువారు "ఆలుమగల నడుమ మనకేల" యని తలుపులు మూసికొందురు. ఇంటిగుట్టు లంకకు చేటను సామెత అచ్చటనే వినవచ్చును. దెబ్బలు తినుచున్న యామెకు ఆ గుట్టును దాచుటయే చేటగుచున్నదని మా మనవి.

ఈ దురాచార మెంత లోతుగా నాటుకొన్నదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలుపుచున్నది. 2019-21 నాటి సర్వేలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 18 మొదలు 49 ఏండ్ల వయసుగల వివాహితలలో నూటికి 30 మంది భర్తచేత హింస పొందినట్లు చెప్పిరి. దేశమంతటను హింస పొందిన స్త్రీలలో సాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. ఏదో యొక కారణమున్నచో భర్త కొట్టుట తప్పుగాదని మన రాష్ట్రపు స్త్రీలలోనే నూటికి 80 మందికి పైగా పలుకుట మఱింత శోచనీయము.

చట్టము లేకపోలేదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్నది. ఇల్లు ఎవరి పేర నున్నను అందు నివసించు హక్కు భార్యకు గలదు. రక్షణోత్తరువును ధిక్కరించినవానికి ఏడాది వఱకు ఖైదు విధింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది 4వ సెక్షను. హింస జరిగినదనిగాని, జరుగనున్నదనిగాని నమ్ముటకు కారణమున్న యెవ్వరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై దావాయు నేరారోపణయు చెల్లవు. ఇరుగుపొరుగువారికి చట్టమే యభయమిచ్చిన దన్నమాట.

అయినను చట్టమునకు ప్రాణము పోయవలసినది ఊరు. 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంటను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. అక్షరములు నేర్చుటకు కూడిన స్త్రీలు తమ యిండ్లలోని కష్టములను ఒకరితో నొకరు చెప్పికొనిరి. రోసమ్మ మొదలగువారి పూనికతో సారాయి నెదిరించిరి. 1993 అక్టోబరు 1న సారాయి నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలిపోయినది. ప్రభుత్వమిచ్చినదానిని ప్రభుత్వమే తీసికొనగలదు గాని, కూడి మాటలాడు స్త్రీల ధైర్యమును తీసికొనజాలదు. ఉగాండా రాజధాని కంపాలాలో ఇరుగుపొరుగువారినే తర్ఫీదుచేసి కొన్నేండ్లు ఇట్టి పనికి నియోగించిరి. ఆ పేటలలో భర్త చేతి దెబ్బలు తినువారు ఇతర పేటలలోకంటె సుమారు సగము తక్కువగా నున్నట్లు 2014లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది.

మన కర్తవ్యము స్పష్టమే. పొదుపు సంఘములు కంతుల లెక్కలతోబాటు ఈ సంగతియు నెలనెలా చర్చింపవలెను. కేక వినబడినప్పుడు నలుగురు కలిసి పోయి తలుపు తట్టవలెను. ప్రాణభయమున్నచో 112కు ఫోను చేయవలెను. పంచాయితీ పెద్దలు "సర్దుకొనిపొమ్మ"ని ఆమెను ఆ యింటికే తఱుముట మానవలెను. మొదట ఆమె కోరిక నడుగవలెను. పరువుగల పురుషులు తోడి పురుషులను నిలదీయవలెను. భార్యను కొట్టినవానికి రచ్చకట్టపై గౌరవము దక్కనంతవఱకు ఈ పని సాగవలెను. వలసబండి యెక్కు ప్రతి స్త్రీకిని 181 సంఖ్య కంఠస్థము కావలెను. పుట్టినింటికి, సంఘమునకు దూరమైన చోటనే ఆమెకు అండ మఱింత యవసరము.

ఈ పనులకు నిధులు ముఖ్యము గావు, పూనిక ముఖ్యము. ఈ యేటి వలస మొదలగుటకు ముందే ప్రతి గ్రామమును సభ జరిపి ఈ నిర్ణయములు గైకొనవలెనని మా ప్రార్థన.