వత్తులు కనబడని తెర

ఇంట్లో ఉన్న డిష్షు పెట్టెను తీసివేసి హెచ్డీ పెట్టె పెట్టించుకోవలెనా, అక్కరలేదా? ఉద్యోగ విరమణ చేసినవాడికి ఇటువంటి ప్రశ్నలకు కూడా తీరిక ఉంటుంది కనుక నెల రోజులుగా దీనిని గురించి ఆలోచిస్తున్నాను. ముందు మాట సంగతి. హై డెఫినిషన్‌కు తెలుగులో ఏమందాము? 'ఉన్నత స్పష్టత' మక్కికి మక్కి అనువాదం, నోటికి పట్టదు. 'నిండుబొమ్మ' అందామని నాకు ఉన్నది కాని, అంగడిలో ఆ పేరుతో అడిగితే ఇవ్వరు. కనుక ఈ టపాలో హెచ్డీ అనే రాస్తున్నాను, భాషాభిమానులు మన్నించాలి.

పెట్టెలు బిగించే కుర్రవాణ్ణి అడిగితే, "మాస్టారూ, మీ వయసుకు ఎస్డీ చాలునండీ. క్రికెట్టు చూసే పిల్లలుంటేనే హెచ్డీ" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, నా డబ్బు మిగల్చాలని. కాని ఆ మాటలో ఉన్న తర్కం నాకు సమ్మతం కాదు. చత్వారం వచ్చినవాడికి మసక బొమ్మ చాలునట, చురుకైన కళ్ళున్నవాడికి స్పష్టమైన బొమ్మ కావాలట! ఈ లెక్కన పెద్దక్షరాల భాగవతం అచ్చు వేయించవలసినది చిన్నపిల్లల కోసం.

ఇలా అనుకోవడానికి కారణం మా తరమే కావచ్చు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాలలోని 2400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపించారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. కోళ్ళ గూటికి కట్టే ఇనుప వలతో చేసిన పది అడుగుల గొడుగులతో ఆ ప్రసారాన్ని పట్టేవారు. తెరమీద ఏదో కదిలితే చాలు, అదే అద్భుతం. అలా మొదలైనవాళ్ళము కనుక, ఏది చూపించినా ఇంతేలే అని సరిపెట్టుకుంటామని లోకానికి ఒక నమ్మకం.

ఇక లెక్క చూద్దాము. ఎస్డీ బొమ్మలో 576 గీతలు, గీతకు 720 చుక్కలు. పూర్తి హెచ్డీలో 1080 గీతలు, గీతకు 1920 చుక్కలు. గుణించండి. మొదటిది 4,14,720, రెండవది 20,73,600. సరిగ్గా అయిదు రెట్లు. ఈ అయిదు రెట్లతో ఆటగాడి చొక్కా కుట్లు కనబడతాయని వ్యాపారులు చెబుతారు. నాకు ఆ కుట్లతో పని లేదు. నాకు పని వత్తులతో.

తెర అడుగున పరుగెత్తే వార్తల పట్టీ చూడండి. ఆ పట్టీ తెర ఎత్తులో పదిహేనవ వంతు అనుకుంటే, ఎస్డీలో దానికి దక్కేవి 38 గీతలు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు అది చాలు, అవి ఒకే అంతస్తు ఇళ్ళు. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం కావాలి. నడుమ హల్లు కావాలి. కింద వత్తు కావాలి, ఒక్కొక్కచోట రెండు వత్తులు. 'రాష్ట్ర' అనే మాట లేకుండా వార్తల పట్టీ గడవదు. ఆ 38 గీతలలో ష, దాని కింద టవత్తు, పక్కన క్రావడి ఇమడాలి. ఒక్కొక్క భాగానికి పదో పన్నెండో గీతలు వస్తాయి. అటుపైన ప్రసారాన్ని కుదించేటప్పుడు అంచులు అలుక్కుపోతాయి. ద కింద చిన్న గీత పడితే ధ, నడుమ చుక్క కూడా చేరితే థ. ఆ గీత, ఆ చుక్కలే మొదట మాయమయ్యేవి. 'కథ' కాస్తా 'కద' అవుతుంది. 'జ్యోత్స్న' ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఎక్స్‌పీ రోజులలో గౌతమి ఖతిలో చిన్న అక్షరాలు చదవలేక పోతన ఖతి దింపుకున్న బ్లాగ్మిత్రులకు ఈ బాధ నేను విప్పి చెప్పాలా?

హెచ్డీలో అదే పట్టీకి 72 గీతలు. వత్తుకు చోటు దొరుకుతుంది. కనుక మన లిపి చదివేవారికి హెచ్డీ విలాసవస్తువు కాదని నా అభిప్రాయం. దానివల్ల ఒక కష్టం మాత్రం ఉన్నది. 'అర్థం' అని ఉండవలసినచోట 'అర్ధం' అని రాస్తారు కదా, మసకలో సంశయలాభం వారికి దక్కేది. ఇప్పుడు అర్థం సగమైపోయిందని ఇంత దూరం నుంచి తెలిసిపోతుంది.

ఇంతవరకు చెప్పినది నా సంగతి. అసలు మా ఇంట్లో టీవీ ఎక్కువగా చూసేది మా ఆవిడ. నాలుగైదేళ్ళుగా ఆమెకు వినికిడి తగ్గింది. చెవికి యంత్రం ఉన్నది, కాని నేపథ్య సంగీతంతో కలిసి వచ్చే మాటను అది విడదీయలేదు. అందుచేత ఆమె పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. వ్యాకరణంలో వర్ణాల ఉత్పత్తి స్థానాలు చదువుకున్నవారికి ఇది వెంటనే తెలుస్తుంది. ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు, పెదవి కలిస్తేనే పలుకుతాయి, కంటికి కనబడతాయి. దంత్యాలు కొంత కనబడతాయి, నాలుక కొస పంటికి తగలడం చూడవచ్చు. క, గ వంటి కంఠ్యాలు లోపలే పుట్టి లోపలే ఉంటాయి, వాటిని సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసిందే. అంటే ఉన్న ఆధారమే సగం. అందులో నాలుక కొస కూడా మసకలో కలిసిపోతే ఆమెకు మిగిలేది ఊహ ఒక్కటే. సీరియల్లో అందరూ నవ్వినప్పుడు ఆమె నావైపు తిరిగి "ఏమన్నాడు?" అంటుంది. నేను చెప్పేలోగా తరువాతి మాట పోతుంది. కొన్నాళ్ళకు అడగడం మానేస్తుందేమోనని నా భయం. వెల సంగతి ఆలోచించేటప్పుడు ఈ భయాన్ని కూడా ఒక పక్క వేసి తూచాలి.

వెల ఉన్నది మరి. 2019 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన ట్రాయ్ నిబంధనలలో వంద ఎస్డీ ఛానళ్ళ వరకు నెట్‌వర్కు రుసుము 130 రూపాయలు మించరాదన్నారు, అందులో ఒక హెచ్డీ ఛానలును రెండుగా లెక్కించారు. 2024 జూలైలో ఆ గరిష్ఠ పరిమితిని ఎత్తివేశారు. కనుక ఎవరి ఆపరేటరు ఎంత వేస్తున్నాడో వారి బిల్లులోనే చూసుకోవాలి. పైగా హెచ్డీ ప్యాకు అని అంటగట్టేదానిలో మనకు అక్కరలేని క్రీడలు, పరభాషా చిత్రాలు సగం ఉంటాయి. పింఛనుదారులు ప్యాకు జోలికి పోకుండా కావలసిన ఛానళ్ళు విడిగా ఎంచుకోవడం మేలు.

పాత సినిమాల కోసం మాత్రం ఎవరూ మారనక్కరలేదు. ఫిల్ము రీలులో హెచ్డీకి మించిన వివరం ఉంటుంది. కాని ఏనాడో టేపులోకి ఎక్కించిన ప్రతినే చూపిస్తుంటే, అందులో లేనిది పెట్టె ఎక్కడినుంచి తెస్తుంది? పైగా 'మాయాబజార్' (1957) కాలపు చిత్రాలు ఇంచుమించు చదరపు చట్రంలో తీసినవి. వాటిని వెడల్పు తెర నిండా సాగదీసి చూసే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఘటోత్కచుడు మరికాస్త లావైతే నష్టం లేదు, శశిరేఖ కారాదు. రిమోటులో బొమ్మ కొలత మార్చే మీట ఉంటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇంకొక్క మాట. హెచ్డీ పెట్టె కొని, ఎరుపు, తెలుపు, పసుపు మొనలున్న పాత తీగతోనే టీవీకి కలిపి ఊరుకున్నవారిని చూశాను. ఆ తీగ గుండా వచ్చేది ఎస్డీ బొమ్మే. హెచ్‌డీఎంఐ తీగ వేయమని అడిగి వేయించుకోవాలి. ఒకే ఛానలుకు ఎస్డీ అంకె వేరు, హెచ్డీ అంకె వేరు. అలవాటు చొప్పున పాత అంకె నొక్కితే పాత బొమ్మే వస్తుంది. వర్షం ముంచుకొచ్చినప్పుడు రెండు పెట్టెలూ సమానంగా మూగపోతాయి.

నేను పెట్టె మార్పిస్తున్నాను. ఆమె చూసే ఈటీవీ, జెమినీ రెండింటినీ హెచ్డీలో తీసుకుని, మిగిలినవి ఎస్డీలోనే ఉంచుతాను. నా వార్తల ఛానలుకు హెచ్డీ రూపం మా ఆపరేటరు జాబితాలో కనబడలేదు. అంటే నా వత్తుల వాదం మా ఇంట్లో ప్రస్తుతానికి నాకు అక్కరకు రాదు, ఆమె పెదవుల వాదమే గెలిచింది. మీలో ఎవరి ఇంట్లోనైనా వినికిడి తగ్గిన పెద్దలు ఉంటే, తెరకు ఎంత దూరంలో కుర్చీ వేస్తే వారికి వీలుగా ఉన్నదో వ్యాఖ్యలో తెలుపగలరు. మాది ముప్పై రెండు అంగుళాల టీవీ, గది పన్నెండు అడుగులు.