గోపురం పాటలో పోయిన ఓటు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి,

మా ఊరి సర్పంచి కోసం నేను చివరిసారి బ్యాలెట్ పేపరు మీద స్వస్తిక్ ముద్ర వేసింది 2006లో. 2013లో ఏకగ్రీవం. 2021లోనూ ఏకగ్రీవమే. అసెంబ్లీకి, పార్లమెంటుకి ఎండలో నిలబడి మరీ ఓటేసి వస్తున్నాం. వీధి దీపం పోతే ఎవరి గుమ్మం తొక్కాలో ఆ మనిషిని ఎంచుకునే వంతు మాత్రం మాకు రావడం లేదు.

2021లో జరిగింది చెబుతాను. నామినేషన్లకు రెండు రోజుల ముందు పెద్దలు రామాలయం అరుగు మీద చేరారు. సర్పంచి పదవి మహిళకు రిజర్వు. అరుగు మీద ఒక్క ఆడమనిషి లేదు. గాలిగోపురానికి ఎవరెంత ఇస్తారని పాట మొదలైంది. 'ఒకటోసారి, రెండోసారి' అన్నది ఏటా చేపల చెరువు పాట పాడించే పెద్దమనిషే. గొంతులో తేడా కూడా లేదు. పాట దక్కించుకున్నాయన ఇంటికెళ్లి భార్యకు కబురు చెప్పాడు.

డ్వాక్రా సంఘంలో లెక్కలు రాసే ఒకామె నామినేషన్ వేద్దామనుకుంది. 'ఊరంతా ఒక మాట మీదుంటే నువ్వొక్కదానివి అడ్డం తిరుగుతావేంటమ్మా' అన్నాడు వరసకు మామయ్య అయ్యే పెద్దాయన. అంతే. కర్ర లేదు, బెదిరింపు లేదు. మీ దాకా ఫిర్యాదు తేవడానికి ఏముంది? గోపురం బాగానే కట్టారు, అది కాదనను.

ఏకగ్రీవాలన్నీ ఇలాంటివే అనడం లేదు. ఎన్నికల కక్షలతో తలలు పగిలిన ఊళ్లకు రాజీ విలువ తెలుసు. అయితే 2021లో ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. ఇక పోటీకి దిగినవాళ్లు ఊరికొచ్చే డబ్బుకు గండికొట్టినవాళ్లే కదా! ఆ ఏడాది తొలి దశలో చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవాలను అప్పటి కమిషనర్ ఆపి నివేదికలు అడిగారు. తర్వాత ఒప్పుకున్నారు. కాగితాల్లో ఏం దొరుకుతుంది? మా ఊరి కాగితాలూ శుభ్రంగానే ఉన్నాయి.

2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. పోలింగే జరగని ఊళ్లో ఆ గడి ఎక్కడుంటుంది? 2018లో హర్యానా, మహారాష్ట్ర ఎన్నికల సంఘాలు స్థానిక ఎన్నికల్లో నోటాకే ఎక్కువ ఓట్లొస్తే మళ్లీ ఎన్నిక పెట్టాలన్నాయి. నేనడిగేది దానికి ఒక్క అడుగు ముందు. బరిలో ఒక్కరే మిగిలినా పోలింగ్ పెట్టండి, ఆ పేరు కింద నోటా ఉంచండి. నిజంగా ఊరంతా ఒక మాట మీదుంటే ఆ అభ్యర్థికి భయమెందుకు? ఖర్చంటారేమో. మా వార్డు బడిలో ఒక పెట్టె, నలుగురు సిబ్బంది, ఒక పూట పని. చట్టం మార్చాల్సింది శాసనసభే అయితే, సిఫారసు మీ దగ్గర నుంచి వెళ్లాలని నా మనవి.

ఈలోగా ఒక చిన్న పని మీ చేతుల్లో ఉంది. ఏకగ్రీవమని ప్రకటించే ముందు మీ అధికారి ఒకరు ఊరికొచ్చి ఆడవాళ్లతో విడిగా మాట్లాడాలి. రామాలయం అరుగు మీద మాత్రం వద్దు. డ్వాక్రా సంఘం గురువారం సాయంత్రం బడి వరండాలో కూర్చుంటుంది.

ఇట్లు,
జాబితాలో పేరున్న ఒక ఓటరు