ముప్పై పౌండ్ల బేస్

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బీటిల్స్ తొలి హిట్లలో 'షీ లవ్స్ యూ' వినండి. అడుగున గుండ్రంగా, మెత్తగా దుమ్ దుమ్మంటూ నడుస్తున్నది పాల్ మెకార్ట్నీ బేస్. చూడ్డానికి వయొలిన్‌కి పెద్దన్నయ్యలా ఉంటుంది. జర్మన్ కంపెనీ హోఫ్నర్ చేసిన 500/1 మోడల్. లోపలంతా డొల్ల, బరువు తక్కువ. ఆ మెత్తదనంలో డొల్లతనం వాటా చాలానే ఉంది.

1961లో హాంబర్గ్ క్లబ్బుల్లో వాయించుకుంటున్న కుర్రాడు పాల్. ఫెండర్ కొనే స్తోమత లేదు. ఇదేమో దాదాపు 30 పౌండ్లకే వచ్చింది. పైగా అతనిది ఎడమచేతి వాటం. దీని నడుము రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎటు తిప్పి పట్టుకున్నా వికారంగా ఉండదు! జేబు నిండుగా ఉంటే ఫెండరే కొనేవాడేమో... ఈ సౌండ్ మనకి దక్కేది కాదు.

1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి దాన్ని ఎవరో కొట్టేశారు. ఒక మాజీ హోఫ్నర్ ఉద్యోగి, ఒక జర్నలిస్టు జంట పట్టువదలకుండా వెతికారు. కబురు ఊరంతా పాకాక, తమ ఇంటి అటకమీదున్నది అదేనని ఓ కుటుంబానికి తెలిసొచ్చింది. దెబ్బలు తిన్నా, బాగుచేయించేలానే ఉంది. 2024 డిసెంబర్‌లో లండన్ వేదికమీద 82 ఏళ్ల పాల్ మళ్లీ దాన్నే మెళ్లో వేసుకుని వాయించాడు.